సమూయేలు: హన్నా పెట్టిన పేరు, హన్నా చెప్పిన కారణం

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మగబిడ్డలకు పెట్టే బైబిలు పేర్లలో సమూయేలుకు ప్రత్యేకమైన స్థానం ఉంది. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఎన్నో ప్రార్థనల తరువాత ఒక కొడుకును ఎత్తుకున్న తల్లిదండ్రులు మిగిలిన పేర్లన్నీ పక్కనపెట్టి ఈ పేరునే కోరుకోవడం మన సంఘాల్లో తరచుగా చూస్తాం. పల్లెల్లో అది సామేలుగా, శామ్యేలుగా పలుకుతుంది; బడి రికార్డుల్లో శామ్యూల్‌గా మారుతుంది; పాస్టరుగారు ప్రార్థనచేసి పేరు పెట్టేటప్పుడు మాత్రం తెలుగు బైబిలులో ఉన్నట్టే సమూయేలు అని నిండుగా వినిపిస్తుంది. మా ఇంటి పెద్ద బైబిలు మొదటి ఖాళీ పుటలో తాతగారు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సిరాతో రాసి, ప్రతి పేరు పక్కన దాని అర్థాన్ని కూడా చిన్న అక్షరాలతో రాసేవారు. సమూయేలు అన్న పేరు పక్కన ఆయన రాసింది "దేవుని అడిగి పొందినవాడు" అని. నేటి పేర్ల పుస్తకాల్లో, ఇంటర్నెట్ పట్టికల్లో ఎక్కువగా కనిపించే అర్థం వేరు: "దేవుడు ఆలకించెను." హీబ్రూ నిఘంటువు తెరిస్తే మూడో మాట ఎదురవుతుంది: "దేవుని నామము."

ఒకే పేరుకు మూడు అర్థాలు ఎలా వచ్చాయన్నది కేవలం భాషాశాస్త్రజ్ఞులకు వదిలేయవలసిన ప్రశ్న కాదు. హీబ్రూలో ఆ పేరు చుట్టూ అల్లిన మాటల అల్లిక తెలియకపోతే సమూయేలు మొదటి గ్రంథంలో సగం సంగతి మనకు వినపడకుండా పోతుందని నా అభిప్రాయం. అనువాదంలో పేర్లు పేర్లుగానే మిగిలిపోతాయి, వాటి పక్కనున్న క్రియలు మాత్రమే తెలుగవుతాయి. అందువల్ల హీబ్రూ పాఠకుడి చెవిలో ఒకదానికొకటి తగిలి మోగే మాటలు మన పాఠంలో ఎక్కడివక్కడ విడివిడిగా ఉండిపోతాయి.

కథ అందరికీ తెలిసినదే అయినా, పేరు పుట్టిన చోటును కాస్త దగ్గరగా చూడాలి. ఎఫ్రాయిము మన్యానికి చెందిన ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటేటా కుటుంబమంతా షిలోహులోని మందిరానికి వెళ్లి బలి అర్పించి కలిసి భోజనం చేసేటప్పుడు పెనిన్నా ఆమెను నొప్పించేది, హన్నా తినకుండా ఏడ్చేది. పదిమంది కుమారులకంటే నేను నీకు ఎక్కువ కానా అని భర్త అడిగిన మాటలో ప్రేమ ఉంది, కాని అది ఆమె దుఃఖాన్ని అందుకోలేదు. ఆమె లేచి మందిరానికి వెళ్లి, కొడుకును ఇస్తే అతని బ్రతుకు దినములన్నిటను నీకే అప్పగిస్తానని మొక్కుకొంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి, గొంతు వినపడడం లేదు. ద్వారబంధం దగ్గర పీఠం మీద కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె నోటినే చూస్తూ, తాగి వచ్చిందనుకొన్నాడు. మందిరంలో యాజకుడు పొరబడిన ఆ ప్రార్థననే తరువాతి యూదు గురువులు ప్రార్థన ఎలా చేయాలో నేర్పే నమూనాగా తీసుకొన్నారు: పెదవులు కదలాలి, స్వరం బయటికి వినపడకూడదు, మనసు లగ్నం కావాలి అన్న నియమాలను యూదు గురువుల బోధల సంపుటమైన తల్ముదు ఈ హన్నా ప్రార్థన నుంచే రాబడుతుంది. యూదుల నూతన సంవత్సర పండుగ రోష్ హషానా మొదటి రోజున సమాజమందిరాల్లో చదివే ప్రవక్తల భాగం కూడా ఇదే.

హన్నా సంగతి చెప్పాక ఏలీ ఆమెను దీవించి పంపుతాడు. నీవు అడిగిన మనవిని దేవుడు దయచేయును గాక అన్నది ఆ దీవెన. ఇక్కడే మొదటిసారి "షాఅల్" అనే హీబ్రూ ధాతువు వినిపిస్తుంది. దాని అర్థం అడుగుట. బిడ్డ పుట్టాక, యెహోవాను వీనిని అడిగాను కనుక అంటూ హన్నా ఆ బిడ్డకు పేరు పెట్టినప్పుడు మళ్లీ అదే ధాతువు. పాలు విడిచిన పిల్లవాణ్ణి తీసుకొని షిలోహుకు తిరిగివచ్చి ఏలీతో మాట్లాడినప్పుడు ఆ రెండు వచనాల్లోనే నాలుగుసార్లు అదే ధాతువు. లెక్కవేస్తే మొదటి అధ్యాయంలోనే ఏడుసార్లు వస్తుంది. రచయిత దీన్ని పాఠకుడి చెవిలో కావాలనే మోగిస్తున్నాడనడంలో నాకు సందేహం లేదు.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. అడిగి పొందినవాడు అన్న అర్థం వచ్చేలా "షాఅల్" ధాతువు నుంచి పేరు చేస్తే అది సమూయేలుకు హీబ్రూ రూపమైన షెమూఏల్ కాదు, షాఊల్ అవుతుంది. షాఊల్ అంటే అడగబడినవాడు. మన బైబిలులో ఆ పేరును సౌలు అని రాస్తాం; ఇశ్రాయేలు మొదటి రాజు పేరు అది. ఇంకా చిత్రమేమిటంటే, మొదటి అధ్యాయం చివరి వచనంలో తెలుగు బైబిలు "యెహోవాకు ప్రతిష్ఠితుడు" అని చెప్పిన చోట హీబ్రూలో ఉన్నది అచ్చంగా "షాఊల్" అన్న మాటే. అడిగి తెచ్చుకొన్న బిడ్డను, ఎవరిని అడిగిందో ఆయనకే తిరిగి అప్పగించడమన్న భావంలో ఆ మాట అక్కడ వాడారు. కాని చెవికి మాత్రం, సమూయేలును తల్లి దేవుని సన్నిధిలో నిలబెట్టి "వీడు సౌలు" అన్నట్టే వినపడుతుంది.

ఈ చిక్కును చూసిన ఆధునిక పండితుల్లో కొందరు, ఇది మొదట సౌలు జన్మకథ అయివుంటుందనీ, తరువాతి కాలంలో సమూయేలుకు దాన్ని అంటగట్టారనీ ఊహించారు. ఆ ఊహకు ఆధారం కేవలం ఈ మాట ఒక్కటే అయితే అది సరిపోదని నాకు అనిపిస్తుంది. కథలో మిగిలిన వివరాలు సౌలుకు ఏమాత్రం నప్పవు. సౌలు బెన్యామీను గోత్రీయుడు; ఎఫ్రాయిము మన్యానికీ, షిలోహు మందిరానికీ, ఏలీ ఇంటికీ అతనితో పుట్టుకనాటి సంబంధం లేదు. పైగా ఈ మాటను రచయిత ఒక్కచోట వాడి వదిలేయలేదు. గ్రంథం పొడవునా తీసుకొనివెళ్లాడు. ఎనిమిదో అధ్యాయంలో ప్రజలు సమూయేలును రాజు కావాలని అడుగుతారు, అక్కడ అదే ధాతువు. పన్నెండో అధ్యాయంలో సమూయేలు వీడ్కోలు ప్రసంగం చేస్తూ, మీరు కోరి అడిగిన రాజు ఇతడే అని సౌలును చూపిస్తాడు, మళ్లీ అదే ధాతువు. రాజును అడగడం ఎంత గొప్ప కీడో చెప్పినప్పుడూ అదే. అంటే ఒక తల్లి కన్నీళ్లతో అడిగితే దొరికినవాడు సమూయేలు, ఒక జనం పంతంపట్టి అడిగితే దొరికినవాడు సౌలు. ఈ రెండు అడగడాలనూ పక్కపక్కన నిలబెట్టడానికే రచయిత సమూయేలు పుట్టుకలో సౌలు పేరును ముందుగా నాటాడని చదవడమే పాఠానికి న్యాయం చేస్తుంది.

దీనికి నాకు దొరికిన అతి బలమైన సాక్ష్యం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఫిలిష్తీయుల దండును చూసి భయపడిన సౌలు యెహోవాయొద్ద విచారణ చేస్తాడు, జవాబు రాదు. హీబ్రూలో ఆ వాక్యం "వయ్యిష్‌అల్ షాఊల్" అని మొదలవుతుంది: అడగబడినవాడు అడిగాడు, జవాబు రాలేదు. ఆ రాత్రే అతడు మారువేషంలో ఏన్దోరులోని కర్ణపిశాచముగల స్త్రీ దగ్గరికి వెళ్లి, చనిపోయిన సమూయేలును రప్పించమంటాడు. పైకి వచ్చిన సమూయేలు, యెహోవా నిన్ను విడిచాక నన్నెందుకు అడుగుతావని ప్రశ్నిస్తాడు. మళ్లీ అదే "షాఅల్". అంతేకాదు, చనిపోయినవారు దిగిపోయే పాతాళానికి హీబ్రూలో షెఓల్ అని పేరు. ప్రాచీన హీబ్రూ రాతలో అచ్చుల గుర్తులు లేవు కనుక షాఊల్, షెఓల్ అన్న రెండు మాటలనూ ఒకే నాలుగు అక్షరాలతో రాస్తారు. రెండో అధ్యాయంలో హన్నా పాడిన స్తుతిగీతంలో, యెహోవా పాతాళానికి దింపేవాడు, అందులోనుంచి రప్పించేవాడు అన్న మాట ఉంది. తల్లి పాటలో ఉన్న ఆ పాతాళం నుంచే కొడుకు సౌలు ఎదుటికి లేచి వచ్చాడన్న అల్లికను గుర్తించినప్పుడు, ఏన్దోరు ఘట్టం నాకు పూర్తిగా కొత్తగా కనిపించింది.

ఇక "దేవుడు ఆలకించెను" అన్న అర్థం సంగతి. పట్టికల్లో దీనికే ఎక్కువ చెలామణి ఉంది, కాని భాషాపరంగా దీనికే బలం తక్కువ. వినుట అన్న హీబ్రూ ధాతువు "షామఅ్". దాని చివర ఉన్నది అయిన్ అనే హల్లు, గొంతు లోతునుంచి పలికేది. తెలుగులో దానికి అక్షరం లేదు. ఆ ధాతువు నుంచి నిజంగా పుట్టిన పేర్లు బైబిలులోనే ఉన్నాయి. హాగరు మొరను యెహోవా విన్నాడు కనుక ఆమె కొడుకు ఇష్మాయేలు. తాను ద్వేషింపబడిన సంగతి యెహోవా విన్నాడని లేయా తన రెండో కొడుకుకు పెట్టిన పేరు షిమ్యోను. ఈ రెండు పేర్లలోనూ హీబ్రూలో అయిన్ స్పష్టంగా ఉంది. సమూయేలు పేరులో అది లేదు; అక్కడున్నది ఆలెఫ్ అనే వేరే హల్లు. ఈ తేడా అరబ్బీలో నేటికీ నిలిచి ఉంది. ఇస్మాయీల్ అన్న పేరును అరబ్బీలో అయిన్‌తోనే రాస్తారు, సమూయేలుకు సమానమైన పేర్లను ఆలెఫ్ ధ్వనికి సాటి అయిన హంజా అనే గుర్తుతో రాస్తారు. మన హైదరాబాదులో ఇస్మాయిల్ అన్న పేరు పలికేటప్పుడు ఆ గొంతు ధ్వని కరిగిపోతుంది గాని, రాతలో అది పదిలంగా ఉంది. కాబట్టి దేవుడు ఆలకించెను అన్న అర్థం న్యాయంగా ఇష్మాయేలుకు చెందుతుంది.

అయినా ఆ అర్థాన్ని చెప్పుకొనేవారిని పూర్తిగా తోసిపుచ్చలేను. వినడం అన్న మాట సమూయేలు బ్రతుకును మొదటినుంచీ వెంబడిస్తూనే ఉంది. మూడో అధ్యాయంలో, దీపం ఇంకా ఆరిపోకముందు మందిరంలో పడుకొన్న పిల్లవాడిని యెహోవా పిలుస్తాడు. ఏలీ పిలిచాడనుకొని అతడు మూడుసార్లు పరుగెత్తి వెళ్తాడు. చివరికి ఏలీ నేర్పిన జవాబు మనందరికీ ఆదివారపు బడిలోనే కంఠతా వచ్చినది: "నీ దాసుడు ఆలకించుచున్నాడు ఆజ్ఞనిమ్ము." ఆలకించుచున్నాడన్న చోట హీబ్రూలో "షోమేఅ్" అని ఉంది, షెమూఏల్ అన్న పేరు పక్కన ఆ మాట వినపడితే హీబ్రూ చెవి రెంటినీ కలుపుకోకుండా ఉండదు. పదిహేనో అధ్యాయంలో, అమాలేకీయుల గొర్రెల అరుపు నాకు వినబడుతోంది, ఏమిటది అని సమూయేలు సౌలును నిలదీసినప్పుడూ అదే ధాతువు. బలులు అర్పించుటకంటె మాట వినుట శ్రేష్ఠమని తీర్పు చెప్పినప్పుడూ అదే. హీబ్రూ "షామఅ్"కు చెవితో వినడం, విధేయత చూపడం అన్న రెండర్థాలూ ఉన్నాయి. మన తెలుగులో "మాట వినడం" అన్నా ఆ రెండూ వస్తాయి కనుక, ఈ వాక్యం తెలుగులోకి ఏమీ పోగొట్టుకోకుండా వచ్చింది. అయితే ఇక్కడ వినేవాడు ఎవరో గమనించాలి. పట్టికలు దేవుడు విన్నాడంటాయి. మూడో అధ్యాయంలో వింటున్నవాడు సమూయేలు.

నిఘంటువుల మాటకు వద్దాం. పండితుల్లో అధికులు అంగీకరించే విభజన షెమ్, ఏల్ అన్న రెండు ముక్కలు. షెమ్ అంటే పేరు, ఏల్ అంటే దేవుడు. మధ్యనున్న "ఊ" కారం ప్రాచీన సెమిటిక్ భాషల్లో కర్తను సూచించే విభక్తి ప్రత్యయపు అవశేషమని చాలామంది భావిస్తారు. బైబిలు కాలపు హీబ్రూలో ఆ ప్రత్యయం వాడుకలో లేదు గాని పాత పేర్లలో శిలాజంలా మిగిలింది. యాకోబు దేవదూతతో పోరాడిన చోటును ఒక వచనంలో పెనీయేలు అనీ, మరుసటి వచనంలోనే పెనూయేలు అనీ పిలవడం ఇలాంటిదే. ఆ ప్రకారం షెమూఏల్ అంటే ఏల్ నామము, దేవుని నామము. అదే "ఊ"ను "అతని" అన్న అర్థంలో తీసుకొంటే, అతని పేరు ఏల్ అన్న వాక్యమవుతుంది. ఈ రెండింటిలో మొదటిదే సరళంగా కుదురుతుందని నేను అనుకొంటాను.

ఈ తరహా పేరు ఇశ్రాయేలీయులకంటే చాలా పాతది. మెసొపొటేమియాను ఏలిన అమోరీయుల్లో "సుము" అనే మాటతో మొదలయ్యే పేర్లు విరివిగా ఉండేవి. బబులోను మొదటి రాజవంశంలో మొదటి రాజు సుము-అబుమ్, రెండో రాజు సుము-లా-ఏల్. శాసనకర్తగా పేరుపొందిన హమ్మురాబికి ఈ సుము-లా-ఏల్ ముత్తాత తండ్రి. క్రీస్తుపూర్వం 19వ శతాబ్దపువాడు. ఆ రాజుకూ మన ప్రవక్తకూ చుట్టరికం ఉందని కాదు; పేర్లు కట్టే పద్ధతి ఒకటేనని. ప్రాచీన మెసొపొటేమియా భాష అయిన అక్కదీలో షుము అన్న మాటకు పేరు అన్న అర్థంతోపాటు పేరు నిలబెట్టే సంతానం, వారసుడు అన్న అర్థమూ ఉంది. పేరు నిలబెట్టడానికి ఒక నలుసు అని మన పెద్దలు అనేదీ ఈ భావంతోనే. ఆ అర్థాన్ని ఇక్కడికి తెస్తే షెమూఏల్ అంటే దేవుని బిడ్డ అని చెప్పడానికీ వీలుంది. ఏల్ అన్నది కూడా హీబ్రూల సొంత మాట కాదు. సిరియా తీరంలోని రాస్ షమ్రాలో 1929లో తవ్వకాలు మొదలై ఉగారితు నగరపు మట్టిపలకలు బయటపడ్డాక, కనానీయుల దేవతల్లో పెద్దవాడి పేరు ఏల్ అని వివరంగా తెలిసింది. ఆ మాటనే ఇశ్రాయేలీయులు తమ ఏకైక దేవునికి వాడుకొన్నారు. దానియేలు, మిఖాయేలు, గబ్రియేలు, చివరికి ఇశ్రాయేలు అన్న జాతి పేరు వరకూ ఆ ఏల్ కనిపిస్తుంది. హన్నా భర్త ఎల్కానా పేరు మొదట్లో ఉన్నదీ అదే.

హన్నా కొడుకుకు ముందే ఈ పేరు లోకంలో ఉందనడానికి బైబిలులోనే ఆధారం ఉంది. కనాను దేశాన్ని పంచిపెట్టడానికి మోషే కాలంలో ఏర్పరచిన గోత్రప్రధానుల్లో షిమ్యోను గోత్రపువాడు, అమీహూదు కుమారుడు, ఇదే పేరు గలవాడు. ఇశ్శాఖారు వంశావళిలోనూ మరొకడున్నాడు. కనుక హన్నా ఈ పేరును కొత్తగా కట్టలేదు, వాడుకలో ఉన్న పేరును ఎంచుకొంది. ఎంచుకోవడానికి కారణం మాత్రం ఆమె సొంతం. ఈ రెంటినీ వేరుచేసి చూస్తే అసలు చిక్కే ఉండదు. తిరుపతి వెంకన్నకు మొక్కుకొని కన్న బిడ్డకు వెంకటేశ్వర్లు అనీ, కోటప్పకొండకు మొక్కుకొని కన్న బిడ్డకు కోటయ్య అనీ పెట్టడం మన ఊళ్లలో ఉన్నదే. ఆ పేర్లలో ఎక్కడా అడగడమన్న మాట లేదు, దేవుని పేరు మాత్రమే ఉంది. కాని ఆ తల్లిని పిలిచి ఈ పేరెందుకు పెట్టావమ్మా అంటే, అడిగితే ఇచ్చాడు కనుక పెట్టానని చెబుతుంది. వ్యుత్పత్తి ఒకటి, కారణం మరొకటి, రెండూ నిజమే.

బైబిలులో తల్లిదండ్రులు పేర్లకు చెప్పిన కారణాలు చాలావరకు ఇలాంటివే. నోవహు పుట్టినప్పుడు ఇతడు మనకు నెమ్మది కలుగజేయునని లెమెకు అన్న మాటలోని ధాతువు వేరు, విశ్రాంతి అన్న అర్థమిచ్చే ఆ పేరు ధాతువు వేరు. ధ్వని మాత్రం దగ్గర. నీటిలోనుంచి తీశాను కనుక మోషే అని ఫరో కుమార్తె హీబ్రూ ధాతువుతో కారణం చెబుతుంది. ఐగుప్తు రాజుల పేర్లు థుత్మోస్, రామెసెస్ వంటి వాటిలో కనిపించే, పుట్టుకను సూచించే ఐగుప్తు మాటే ఆ పేరుకు మూలమని పండితులు ఎక్కువగా చెబుతారు. ధ్వనిలోని దగ్గరితనాన్ని పట్టుకొని అర్థాన్ని పలికించడం ఆ రచయితల కళ. దాన్ని వ్యాకరణ దోషంగా చూడడం వారికి అన్యాయం చేయడమే. మధ్యయుగపు యూదు వ్యాఖ్యాతలు కూడా ఈ సంగతి ఎరిగినవారే. షాఊల్ మే-ఏల్, అంటే దేవునియొద్ద అడగబడినవాడు అన్న మాటలే కుదించుకొని షెమూఏల్ అయిందన్న వివరణ అలా వచ్చింది. హన్నా మాటనూ పేరు అక్షరాలనూ కలిపి నిలబెట్టాలన్న ఆ ప్రయత్నంలో నాకు గౌరవం ఉంది, అది వ్యుత్పత్తిగా నిలవకపోయినా.

ఈ పేరు మన దగ్గరికి చేరిన దారి కూడా దాని రూపంలోనే రాసి ఉంది. గ్రీకులో "ష" ధ్వని లేదు కనుక ప్రాచీన గ్రీకు అనువాదంలో షెమూఏల్ సమూఏల్ అయింది. లాటిను, ఇంగ్లీషు ఆ దారినే నడిచాయి. సిరియక్ సంప్రదాయం గల కేరళ క్రైస్తవులు మలయాళ బైబిలులో శమూవేల్ అని రాసుకొని ఆ మొదటి ధ్వనిని కాపాడుకొన్నారు, తమిళులు సామువేల్ అన్నారు. తెలుగు బైబిలు యెషయా, షిలోహు వంటి మాటల్లో "ష"ను నిలుపుకొన్నా సమూయేలు, సౌలు అన్న ఈ రెండు పేర్లలో మాత్రం "స"నే తీసుకొంది. మధ్యలోని ఆలెఫ్ స్థానంలో మన వ్యాకరణం ప్రకారం యడాగమం చేరింది: సమూ, ఏలు కలిసి సమూయేలు. చివరి "ఉ" తెలుగు అజంత భాష కనుక సహజంగా అతుక్కున్నది. అంటే ఈ పేరు తెలుగు సంధి సూత్రాలకు లోబడి పూర్తిగా తెలుగు పేరే అయింది. తమిళ దేశపు తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టి, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం సమూయేలు అజర్యా మన తెలుగు నేలమీద ఈ పేరును మోసినవారిలో అందరికంటే ప్రసిద్ధుడు.

అరబ్బీలో ఈ పేరు మరో వైభవాన్ని పొందింది. ఇస్లాముకు ముందు, ఆరో శతాబ్దంలో అరేబియాలోని తైమా దగ్గర కోటలో ఉన్న యూదు కవి అస్సమౌఅల్ ఇబ్న్ ఆదియా, తన దగ్గర మరొకడు దాచిన కవచాలను శత్రువుకు అప్పగించడానికి నిరాకరించి, అందుకు ప్రతిగా పట్టుబడిన కన్నకొడుకు ప్రాణాన్ని కూడా వదులుకొన్నాడని కథ. అస్సమౌఅల్‌కంటే నమ్మకస్థుడు అన్నది అరబ్బీలో నేటికీ సామెత. కొడుకును దేవునికి ఇచ్చిన తల్లి పెట్టిన పేరు, మాటకోసం కొడుకును పోగొట్టుకొన్న తండ్రి పేరుగా అక్కడ నిలిచింది. ఇక ప్రవక్త సమూయేలు సమాధిగా తరతరాలుగా చెప్పుకొనే చోటు యెరూషలేముకు వాయవ్యంగా, సుమారు 900 మీటర్ల ఎత్తున్న నబీ సమ్‌వీల్ కొండ మీద ఉంది. 1099లో వచ్చిన క్రూసేడు యోధులు అక్కడినుంచే మొదట యెరూషలేమును చూసి దానికి ఆనందగిరి అని పేరు పెట్టారు, తరువాత చర్చి కట్టారు. నేడు అక్కడి ఒకే కట్టడంలో పైన మసీదు, కింద యూదులు ప్రార్థించే సమాధి గది ఉన్నాయి.

పేరు పెట్టబోయే తల్లిదండ్రులు నన్ను అడిగితే, తాతగారు రాసిన మాటను కొట్టివేయవద్దనే చెబుతాను; దాని కింద "దేవుని నామము" అని మరో పంక్తి రాసుకొమ్మంటాను. ఈ రెండో అర్థానికి లేఖనంలోనే ఒక అందమైన మద్దతు ఉంది. 99వ కీర్తన ఆరో వచనం మోషే అహరోనులను యాజకుల్లో చెప్పి, సమూయేలును దేవుని నామమునుబట్టి ప్రార్థన చేయువారిలో చెబుతుంది. అక్కడ నామము అన్నది "షెమ్". షెమూఏల్ అన్న పేరు పక్కనే దాన్ని ఉంచిన కీర్తనకారుడు ఆ పేరులోని మొదటి ముక్కను తప్పక విన్నాడని నేను నమ్ముతాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి. హన్నా అడిగింది యెహోవాను, కొడుకు పేరులో ఉన్నది ఏల్. ఆ కొడుకు పెద్దవాడై తన జ్యేష్ఠ కుమారునికి యోవేలు అని పేరు పెట్టాడు. హీబ్రూలో దాని అర్థం యెహోవాయే ఏల్, యెహోవాయే దేవుడు అని. నాయనమ్మ ప్రార్థనలోని నామాన్నీ తండ్రి పేరులోని నామాన్నీ ఒక్కటి చేసిన పేరు అది. ఆ యోవేలూ అతని తమ్ముడూ బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచాలు పుచ్చుకొని తీర్పులు తిప్పివేసినందువల్లనే పెద్దలందరూ కూడి రామాకు వచ్చి, మాకొక రాజును నియమించమని సమూయేలును అడిగారు.